పెద్దవాళ్ళ గాభరా: గుండె పరీక్షలా, నిద్రమాత్రా, మాటల చికిత్సా? దేనితో మొదలుపెట్టాలి

డెబ్బై ఏళ్ళ మనిషి "నాకు ఆందోళనగా ఉంది" అని నోరు తెరిచి చెప్పడం అరుదు. "గుండె దడదడలాడుతోంది", "గ్యాస్ పైకి తన్నుతోంది", "కాళ్ళలో సత్తువ లేదు", "తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్ళీ కునుకు పట్టదు" అంటారు. ఇంట్లోవాళ్ళు గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. ఈసీజీ, టూడీ ఎకో బాగానే ఉన్నాయంటారు. చీటీ చివర ఒక చిన్న మాత్ర చేరుతుంది. రాత్రి నిద్ర పడుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. రెండేళ్ళ తర్వాత కూడా ఆ మాత్ర నడుస్తూనే ఉంటుంది.

ఆ చిన్న మాత్ర కన్నా ముందు చూడాల్సిన దారులు చాలానే ఉన్నాయి. ఏది ఎవరికి పనికొస్తుంది, ఏది ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది ఇక్కడ పోల్చి చెబుతున్నాం.

ఇంట్లో తేల్చకూడనివి

అరవై దాటాక మొదటిసారి వచ్చిన ఛాతీ బరువు, ఆయాసం, చెమటలను "టెన్షన్" అని ఇంట్లో తీర్మానించకండి. భయం ఒక్కసారిగా కమ్ముకొచ్చే పానిక్ అటాక్ మామూలుగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి, తర్వాత మెల్లగా దిగిపోతుంది. కానీ గుండెపోటూ అలాగే మొదలుకావచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో, పెద్ద వయసు ఆడవాళ్ళలో ఛాతీ నొప్పి అసలు లేకుండా ఆయాసం, వికారం, చెమట, విపరీతమైన నీరసం మాత్రమే కనిపించవచ్చు. 108కి ఫోన్ చెయ్యండి. మొదటి ఈసీజీ బాగుందన్నంత మాత్రాన పని అయిపోదు. ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండోసారి చేశాకే గుండెపోటు కాదని చెప్పగలరు.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనబడితే అది పక్షవాతం. క్షణం ఆగకూడదు.

ఇంకోటి చాలామంది తప్పిపోతారు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే తికమకగా, భయంభయంగా మారి, పొద్దున కాస్త బాగుండి సాయంత్రానికి మనుషుల్ని గుర్తుపట్టకపోతే అది ఆందోళన కాదు, డెలీరియం. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలైన మందు, తరచుగా వీటిలో ఏదో ఒకటి వెనక ఉంటుంది. అలాంటప్పుడు శాంతపడతారని నిద్రమాత్ర ఇస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఏ పరీక్ష దండగ, ఏది పనికొస్తుంది

అన్నిటికన్నా విలువైన పరీక్షకు ఖర్చే లేదు. ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆయుర్వేదం పొడులూ, కంటి చుక్కలూ, ఇన్హేలరూ, షాపులో అడిగి కొన్న జలుబు బిళ్ళలూ ఒక సంచిలో వేసి డాక్టరు బల్ల మీద పోయండి. దడకూ వణుకుకూ కారణం తరచుగా ఆ సంచిలోనే దొరుకుతుంది. మోతాదు ఎక్కువైన థైరాయిడ్ మాత్ర, ఆయాసానికి వాడే సాల్బుటమాల్, థియోఫిలిన్ కలిసిన బిళ్ళ, ప్రెడ్నిసొలోన్, ఫినైలెఫ్రిన్ ఉన్న జలుబు మాత్ర, ఇవన్నీ దడ పుట్టించగలవు. ఆపేసిన మందూ అంతే. అయిపోయిందని, బీపీకీ గుండెకీ వాడే మెటోప్రొలాల్‌నో అటెనొలాల్‌నో నాలుగు రోజులు మానేస్తే దడ తన్నుకొస్తుంది. రోజుకి ఎన్ని కాఫీలో, ఎన్ని టీలో కూడా అప్పుడే చెప్పండి.

రక్తపరీక్షల్లో అడగాల్సినవి ఇవి: హిమోగ్లోబిన్‌తో కూడిన పూర్తి రక్తపరీక్ష, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), సోడియం–పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీలకు), షుగర్, బీ12. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బీ12 తగ్గుతుంది. అరికాళ్ళ మంటలకూ తూలుడుకూ అది ఒక కారణం. వీటికి ఒక ఈసీజీ కలిపితే మొదటి విడతకు చాలు. దడ వచ్చి పోతూ ఉంటే, ఈసీజీ తీసే సమయానికి ఉండకపోతే, ఇరవై నాలుగు గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ) పెట్టించుకోవడం మళ్ళీ మళ్ళీ ఎకో తీయించడం కన్నా మేలు. ఎకో చూపేది గుండె ఆకారాన్నీ పంపు చేసే బలాన్నీ. వచ్చిపోయే లయ తేడాలను పట్టుకునేది హోల్టర్. "ఫుల్ బాడీ" ప్యాకేజీలు మాత్రం వద్దంటాం. ఆ పెద్ద కాగితంలో ఎక్కడో ఒకచోట ఎర్ర అంకె ఉంటుంది. కంగారుపడే మనిషికి ఆ ఒక్క అంకె ఆరు నెలల భయానికి సరిపోతుంది.

ఇంట్లో ఉన్న మిషన్లలో ఎక్కువ ఉపయోగం గ్లూకోమీటర్‌ది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లేదా ఇన్సులిన్ వాడేవాళ్ళకు వణుకు, చెమట, దడ, గాభరా వస్తే ముందు వేలి చుక్క చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే అది షుగర్ పడిపోవడం. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి, పెరగకపోతే మళ్ళీ ఇవ్వండి, పెరిగాక ఏదైనా తినిపించండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, 108 పిలవాలి. షుగర్ మామూలుగా ఉంటే మణికట్టు దగ్గర నాడి పట్టి, కొట్టుకోవడం సమంగా ఉందో, తప్పుతోందో చూడండి. ఎడాపెడా కొట్టుకుంటుంటే ఈసీజీ అవసరం.

బీపీ మిషన్ మాత్రం కంగారు మనిషి చేతిలో అపకారం చేస్తుంది. భయంతో చూస్తే పెరుగుతుంది, పెరిగిందని భయపడి మళ్ళీ చూస్తారు, ఇంకా పెరుగుతుంది. పద్ధతి ఇది: ఐదు నిమిషాలు కదలకుండా వీపు ఆన్చి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తున పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. అలా పొద్దున, సాయంత్రం ఏడు రోజులు రాయండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితేనే బీపీ ఎక్కువని లెక్క. ఆ వారం అయ్యాక మిషన్ బీరువాలో పెట్టెయ్యండి.

తల తిరుగుడు ఉన్నవాళ్ళకు ఒకసారి పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే కారణం మనసు కాదు. బీపీ మందో, ప్రోస్టేట్‌కి ఇచ్చిన టామ్సులోసినో అయి ఉండవచ్చు.

ఎవరి దగ్గరికి

ఛాతీ నొప్పి లేనప్పుడు మొదటి మెట్టు ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరు. పెద్దవాళ్ళ వైద్యం ప్రత్యేకంగా చదివిన జెరియాట్రిక్స్ డాక్టరు దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. కారణం ఒకటే: మందులన్నిటినీ కలిపి చూసేవాళ్ళు ఒకరు ఉండాలి. గుండెకొకరు, గ్యాస్‌కొకరు, నరాలకొకరు విడివిడిగా రాస్తే, ముగ్గురి చీటీల్లోనూ వేర్వేరు పేర్లతో ఒకే రకం మత్తుమందు ఉండిపోయే ప్రమాదం ఉంది.

శరీరం వైపు తేలాక మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళడానికి వెనకాడకండి. "పిచ్చి డాక్టరా?" అని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. "నిద్రకీ దడకీ మందు చూసే డాక్టరు" అని చెప్పండి. అందులో అబద్ధం ఏమీ లేదు. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యం చదివినవారు, మందు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందు రాయరు, మాటల చికిత్స చేస్తారు. వాళ్ళకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. బోర్డు మీద "కౌన్సెలర్" అని ఉన్నంత మాత్రాన ఆ చదువు ఉన్నట్టు కాదు. దగ్గర్లో ఎవరూ లేని ఊళ్ళలో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. 14416కి ఏ వేళనైనా చెయ్యవచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

నీరసంగా ఉందని సెలైన్ సీసా ఎక్కించుకునే అలవాటు గురించి ఒక మాట. ఆందోళనకు సెలైన్ చేసేది ఏమీ లేదు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి నిజమైన ఆయాసం తెచ్చిపెడుతుంది.

ఆందోళన ఎంత ఉందో తూచడానికి జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల గురించి అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. మన పెద్దవాళ్ళు "ఆందోళన" అన్న మాటకు లేదనే చెబుతారు. "ఒకే ఆలోచన తిరిగి తిరిగి వస్తోందా? ఏదో జరుగుతుందని గుండె జారుతోందా?" అని అడగండి. మార్కులు మారిపోతాయి. జీవితమంతా నిబ్బరంగా ఉన్న మనిషికి అరవై ఐదు తర్వాత కొత్తగా ఆందోళన మొదలైతే, కుంగుబాటు, మతిమరుపు జబ్బు, పార్కిన్సన్స్ తొలిదశ కూడా చూడాలని డాక్టరును అడగండి. చెవులు సరిగా వినపడకపోవడం, కంట్లో శుక్లం కూడా మనిషిని బెదురుగా మారుస్తాయి. వాటికి మందు వినికిడి మిషనూ, ఆపరేషనూ.

నిద్రమాత్ర: వెంటనే సుఖం, తర్వాత బాకీ

ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్, డయాజెపామ్, ఇవన్నీ బెంజోడయాజెపైన్లు. అరగంట, గంటలో గాభరా తగ్గుతుంది. ఇంత త్వరగా పనిచేసేది ఇంకోటి లేదు, అందుకే ఇన్ని చీటీల్లో ఉంటుంది. కానీ అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ వారి బీర్స్ జాబితా 65 దాటినవాళ్ళకు వీటిని వీలైనంత వరకు వాడొద్దంటుంది. వయసుతో పాటు మందు ఒంట్లోంచి పోవడం ఆలస్యమవుతుంది, మెదడు మీద ప్రభావం పెరుగుతుంది. రాత్రి రెండింటికి మూత్రానికి లేచినప్పుడు కాలు తూలుతుంది. తుంటి ఎముక విరిగితే ఆ తర్వాతి జీవితమే వేరు. జ్ఞాపకశక్తి మందగిస్తుంది, అది చూసి ఇంట్లోవాళ్ళు మతిమరుపు జబ్బు వచ్చిందనుకుంటారు. మోకాళ్ళ నొప్పికి ట్రమడాల్ వాడుతున్నా, మద్యం అలవాటున్నా, నిద్రలో గురకతో ఊపిరి ఆగే జబ్బున్నా శ్వాస మందగించే ప్రమాదం ఉంది.

ఇది దొంగచాటుగా కూడా ఇంట్లోకి వస్తుంది. గ్యాస్, కడుపు నొప్పికి రాసే కొన్ని బిళ్ళల్లో క్లోర్‌డయాజెపాక్సైడ్ ఉంటుంది. పక్కనే క్లిడినియం, డైసైక్లోమిన్ కూడా ఉండి నోరు ఎండగట్టి, మలబద్ధకం తెచ్చి, ప్రోస్టేట్ ఉన్న మగవాళ్ళకు మూత్రం బిగించేస్తాయి. ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజెపామ్ కలిపిన బిళ్ళలూ ఉన్నాయి. వాటితో చిక్కేమిటంటే, ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని తగ్గించలేం. షీటు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు ఫోన్‌లో పెద్దది చేసి చదవండి. రెండు పేర్లుంటే, విడివిడిగా రాయమని డాక్టరును అడగండి.

అయితే అసలు వాడకూడదా? తీవ్రమైన గాభరాతో తిండీ నిద్రా లేని మనిషికి, అసలు మందు పనిచేసేదాకా, తక్కువ మోతాదులో రెండు నుంచి నాలుగు వారాలు వాడవచ్చు. చీటీ మీద ఆపే తేదీ రాయించుకోండి. ఆల్ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినట్టు షాపువాళ్ళు రిజిస్టర్‌లో రాయాలి. "తెలిసినవాళ్ళే కదా" అని ఇచ్చే షాపు మీకు మేలు చెయ్యడం లేదు.

ఇప్పటికే ఏళ్ళుగా వాడుతుంటే, ఇది చదివి రేపటినుంచి ఆపెయ్యకండి. ఒక్కసారిగా మానితే నిద్రలేమి, వణుకు, చెమట, దడ వస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లోవాళ్ళు "జబ్బు తిరగబెట్టింది" అనుకుని మళ్ళీ మొదలుపెడతారు. డాక్టరు పర్యవేక్షణలో రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఐదు, పది శాతం చొప్పున దించడం మంచి పద్ధతి. అంత చిన్న ముక్కలు చెయ్యడం కుదరకపోతే ఒంట్లో ఎక్కువసేపు నిలిచే అదే రకం ఇంకో మందుకు మార్చి దించుతారు. ఇబ్బందిగా ఉంటే ఆ మెట్టు మీదే ఇంకో రెండు వారాలు ఆగండి. నెలలు పట్టినా ఫరవాలేదు.

ఎస్ఎస్ఆర్ఐలు: ఆలస్యంగా ఫలితం, ఎక్కువకాలం మేలు

నెలల తరబడి ఆందోళన ఉన్నవాళ్ళకు, కుంగుబాటు కూడా ఉన్నవాళ్ళకు మందుల్లో మా మొదటి ఎంపిక కుంగుబాటుకీ ఆందోళనకీ వాడే ఈ ఎస్ఎస్ఆర్ఐ రకం మందులే: సెర్ట్రలిన్ లేదా ఎస్సిటాలోప్రామ్. ఇవి మత్తుమందులు కావు, ఇంకా ఇంకా కావాలనిపించే అలవాటు పడదు. పెద్దవాళ్ళకు సగం మోతాదుతో మొదలుపెడతారు. సెర్ట్రలిన్ 25 మిల్లీగ్రాములు, ఎస్సిటాలోప్రామ్ 5. రెండోదాన్ని 65 దాటాక 10 మించి వాడరు, ఎక్కువైతే గుండె లయ దెబ్బతినవచ్చు. లయ సమస్య ఉన్నవాళ్ళకు సెర్ట్రలిన్ నయం.

ఇది విఫలమయ్యేది ఎక్కువగా మొదటి పది రోజుల్లోనే. ముందు కాస్త వికారం, విరేచనాలు, కంగారు పెరిగినట్టుండటం జరుగుతాయి. ముందే చెప్పి ఉంచకపోతే మనిషి నాలుగో రోజు షీటు విసిరేస్తారు. పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోమనండి. మార్పు తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది.

రెండు ప్రమాదాలు గుర్తుంచుకోవాలి. ఒకటి సోడియం. ముఖ్యంగా మొదటి నెలలో 135 కన్నా కిందికి జారవచ్చు. బీపీ బిళ్ళలో హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ ఉంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. తలబరువు, వికారం, తూలుడు, తికమక దాని గుర్తులు. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండో వారంలో ఒకసారి సోడియం చూపించండి. రెండోది రక్తస్రావం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడే స్టెంటు పేషెంట్లు పైగా డైక్లోఫెనాక్ కూడా మింగితే కడుపులో రక్తం కారే అవకాశం పెరుగుతుంది. విరేచనం తారులా నల్లగా ఉంటే వెంటనే డాక్టరు. ట్రమడాల్‌తోనూ ఈ మందులు పడవు.

తగ్గాక కనీసం ఏడాది కొనసాగిస్తారు, ఆపేటప్పుడు మెల్లగా దించుతారు.

మిగతా మందులు క్లుప్తంగా. ప్రొప్రనొలాల్ వణుకునీ దడనీ తగ్గిస్తుంది కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదు, షుగర్ పడిపోయే గుర్తుల్ని దాచేస్తుంది. అమిట్రిప్టిలిన్, హైడ్రాక్సిజైన్ పెద్దవాళ్ళకు వద్దనే అంటాం: మూత్రం బిగుస్తుంది, మతి మందగిస్తుంది, కొన్ని రకాల గ్లకోమా ముదురుతుంది. నిద్రా ఆకలీ రెండూ పోయి చిక్కిపోతున్న మనిషికి మిర్టజపిన్ కొన్నిసార్లు బాగా సరిపోతుంది.

మాటల చికిత్స, నడక, శ్వాస

స్వల్ప, మధ్యస్థ ఆందోళనకు, ఇప్పటికే పది మందులు మింగుతున్నవాళ్ళకు మేం ముందు పెట్టేది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే మాటల చికిత్స. వారానికొకటి చొప్పున ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, ఒక్కోసారి ముప్పావుగంట. ఓదార్పు మాటలతో సరిపెట్టే పని కాదిది, భయపడి మానేసిన పనుల్ని మెట్లు మెట్లుగా తిరిగి చేయిస్తారు. దడ వస్తుందని గుడికి వెళ్ళడం మానేసిన అమ్మకు మొదటి వారం గేటు దాకా, రెండో వారం వీధి చివర కిరాణా కొట్టు దాకా, తర్వాత తోడుతో గుడి దాకా, ఆఖరున ఒంటరిగా. వినికిడి తక్కువైతే ఎదురుగా కూర్చుని నెమ్మదిగా మాట్లాడేవాళ్ళు కావాలి, ఇంటిపని పెద్ద అక్షరాల్లో కాగితం మీద ఉండాలి. మతిమరుపు బాగా ముదిరిన వాళ్ళకు ఇది కుదరదు. వాళ్ళకు రోజూ ఒకే వేళకు ఒకే పని, వెలుతురు, తెలిసిన ముఖాలు ఎక్కువ సాయం చేస్తాయి.

నడక తక్కువ చికిత్సేమీ కాదు. నడిచినప్పుడు గుండె వేగంగా కొట్టుకుని, ఆగాక తిరిగి నెమ్మదిస్తుంది. దడ అంటే చావు కాదని ఒంటికి అలా తెలుస్తుంది. పది నిమిషాలతో మొదలుపెట్టి మూడు నాలుగు రోజులకోసారి రెండు నిమిషాలు పెంచుతూ అరగంటకు, వారానికి ఐదు రోజులకు తీసుకెళ్ళండి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరైనదే. ఎండాకాలం పొద్దున ఏడు లోపే ముగించండి. ఒకసారి పడిపోయి భయపడుతున్నవాళ్ళకు వీధి నడక కన్నా ముందు ఫిజియోథెరపీ కావాలి. ఒక చిన్న పరీక్ష: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు పట్టినా, అంతకు మించినా పడే ప్రమాదం ఉన్నట్టే. అప్పుడు గోడకు ఆన్చిన చేతుల కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఐదుసార్లు, గట్టును పట్టుకుని మడమలు ఎత్తడం పదిసార్లు, వారానికి మూడు రోజులైనా చేయించాలి.

శ్వాస విషయంలో ఎంపిక జాగ్రత్తగా. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. గాభరాలో ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదాల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిరి వస్తుంది. మెల్లటి శ్వాస దాన్ని సరిచేస్తుంది. కాగితం సంచిలో ఊపిరి పీల్చే చిట్కా గుండె, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళకు ప్రమాదం. కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగబట్టే కుంభకం గుండె జబ్బు, బీపీ, హెర్నియా, గ్లకోమా ఉన్నవాళ్ళకు వద్దు. భ్రామరి, బిగబట్టకుండా చేసే నాడీశోధన ఫరవాలేదు.

నిద్రకోసం మాత్ర అడిగే ముందు మూడు చూడండి: మధ్యాహ్నం కునుకు అరగంట దాటుతోందా, నాలుగు తర్వాత టీ తాగుతున్నారా, నీరు పోయే బిళ్ళ సాయంత్రం వేసుకుని రాత్రంతా లేస్తున్నారా. మూడోదాన్ని పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టరును అడగండి.

పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, ఊళ్ళో ఒక్కరే ఉన్న తల్లికో తండ్రికో మందు మొదలవుతుంటే, మా ఎంపిక కాస్త మారుతుంది. అక్కడ బెంజోడయాజెపైన్ అసలు వద్దు, రాత్రి పడిపోతే లేపేవాళ్ళు ఉండరు. సెర్ట్రలిన్, ఫోన్‌లో సీబీటీ, పక్కింటివాళ్ళతో కలిసి నడక నయం. రోజూ వీడియో కాల్‌లో "దడ తగ్గిందా?" అని అడగకండి, ఆ ప్రశ్నే దడను గుర్తుచేస్తుంది. "ఇవాళ ఎంతదూరం వెళ్ళావు, రాత్రి ఎన్నిసార్లు లేచావు" అని అడిగి ఒక కాగితం మీద రాసుకోండి. సోడియం పరీక్ష తేదీనీ, డాక్టరును మళ్ళీ కలవాల్సిన నాలుగో వారం తేదీనీ వంటింటి క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టించండి. ఆ నాలుగో వారానికి రవ్వంత మార్పు కూడా లేకపోతే మందు తప్పని అనుకోనక్కర్లేదు. మోతాదు పెంచాలేమో, అసలు రోజూ వేసుకుంటున్నారో లేదో, షీటులో మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టి చూడండి.